ఫాదర్ గారి కథలో ఎవరూ నమ్మని మలుపు

నేను పనిచేసిన ఆఖరి సినిమా గురించి పేపర్లవాళ్ళు, ఫోన్లో సమీక్షలు చెప్పే కుర్రాళ్ళు అందరూ కూడబలుక్కున్నట్టు ఒకటే మాట అన్నారు. మలుపులు నమ్మేలా లేవట. ఆ మాట మీద నాకేం కోపం లేదు. నమ్మేలా లేని మలుపులు అమ్ముకునే నేను ఇల్లు కట్టాను, పిల్లల్ని చదివించాను. కాకపోతే ఆ సినిమాలో ఒక మలుపుని ఒక ఊరు ఊరంతా నమ్మింది. సినిమా తీయకముందే నమ్మింది. ఆ సంగతి ఏ సమీక్షలోనూ రాలేదు. కథలు రాద్దామని అద్దంకి దాకా నన్ను వెతుక్కుంటూ వచ్చి "ట్విస్టు ఎలా రాయాలి సార్" అని అడిగే పిల్లలకి పాఠం కింద ఇదే చెబుతుంటాను. సగంమంది టీ తాగి వెళ్ళిపోతారు. మిగతా సగంమంది నమ్మరు.

నా ఉద్యోగం ఏమిటో ముందు చెప్పాలి. సినిమా కథా చర్చల్లో కూర్చోవడం. దర్శకుడు ఒక లైను చెబుతాడు. మేం నలుగురం చుట్టూ చేరి ఇడ్లీలు తింటూ దాన్ని సాగదీస్తాం. తెర మీద 'కథా సహకారం' అని మా పేర్లు పడే సమయానికి జనం సీటు నంబర్లు వెతుక్కుంటూ ఉంటారు. మా అమ్మ నా సినిమాలన్నీ చూసింది కానీ నా పేరు ఒక్కసారి కూడా చూడలేదు. ఆవిడ కళ్ళజోడు తుడుచుకునేలోపు వెళ్ళిపోయేది.

అందులో నా ప్రత్యేకత కన్నాలు పూడ్చడం. కథ వింటూ ఎవరైనా "అదెలా కుదురుతుందండీ?" అన్నారనుకోండి, కుదిరేలా ఒక మాట అతికించి ఇచ్చేవాణ్ణి. పోలీసులు ఎందుకు రాలేదు అంటే వంతెన కూలిందనేవాణ్ణి. నా చేతి మీద కూలిన వంతెనలు ప్రభుత్వం కట్టినవాటికంటే ఎక్కువే ఉంటాయి.

ఆ ఏడు ఒక కుర్ర దర్శకుడు కతోలిక ఫాదర్ల మీద సినిమా తీస్తానన్నాడు. చిన్నప్పుడు ఫాదర్ల బడిలో చదివానన్న ఒకే ఒక్క అర్హత మీద నన్ను పిలిచాడు. ఆ బడిలో నేను గట్టిగా నేర్చుకున్నది గోడ దూకడం. ఆ మాట దర్శకుడికి చెప్పలేదు. నిర్మాతకి గుంటూరు అవతల మిరపచేల మధ్య ఒక కోల్డ్ స్టోరేజీ ఉంది. దాని మేడ మీద గదిలో మమ్మల్ని కూర్చోబెట్టాడు. కింద రేకుల కొట్టంలో ఆడకూలీలు కాయల తొడిమలు తీస్తూ, రంగు పోయిన తాలుకాయ ఏరుతూ ఉండేవాళ్ళు. కథ కంటే ముందు ఘాటు మెట్లెక్కి వచ్చేది. మా చర్చలు సగం తుమ్ములు.

కథ ఇదీ. ఒక పల్లెటూరి విచారణకి, అంటే చర్చికి, కొత్త ఫాదర్ వస్తాడు. అందరూ ఆయన్ని ప్రేమిస్తారు. ఇంటర్వెల్ దగ్గర తెలుస్తుంది, ఆయన అసలు ఫాదరే కాదని. నాటకాలు వేసుకునే ఒకడు అసలు ఫాదర్ స్థానంలో వచ్చి కూర్చున్నాడని. "మరి బిషప్ గారిని అడిగితే తెలిసిపోదా?" అని మాలో ఒకడు అడిగాడు. నేను ఇడ్లీ ముక్క చట్నీలో ముంచుతూనే చెప్పాను. "బిషప్ గారికీ తెలుసు. తెలిసే ఊరుకున్నాడు." దర్శకుడు లేచి నా చెయ్యి పట్టుకున్నాడు. అంతకుమించిన కన్నం నేను జీవితంలో పూడ్చలేదు. ఇక ఎవడు ఎక్కడ విచారించినా ఆ వేషగాడు దొరకడు.

మా గురువుగారు, మద్రాసు రోజులనాటి పెద్దాయన, నాకొక పద్ధతి నేర్పారు. మలుపు పండుతుందో లేదో కథ తెలిసినవాళ్ళకి చెప్పి చూడకూడదు. చేతిపనిలో ఉన్నవాళ్ళకి చెప్పాలి. అదీ కథ అని చెప్పకూడదు, జరిగిందని చెప్పాలి. మలుపు దగ్గర పని చేస్తున్న చేతులు ఆగాయా, అది మలుపు. ఆగలేదా, దాన్ని చించి అవతల పారెయ్యాలి. క్షౌరశాలల్లో, చేనేత మగ్గాల దగ్గర, చేపలు కోసేవాళ్ళ దగ్గర కూర్చుని జీవితమంతా ఇదే చేశాను. ఎక్కువసార్లు చేతులు ఆగేవి కావు. క్షౌరశాలలో మాత్రం ఆగేవి, కానీ అవి నా తల మీద చేతులు.

ఒకరోజు మధ్యాహ్నం కిందికి దిగి ఆ కొట్టంలో ఒక మూట మీద కూర్చున్నాను. పాతికమంది దాకా ఆడవాళ్ళు. అందరికంటే ముందు కూర్చున్నావిడకి నోరూ చెయ్యీ రెండూ చురుకు. ఈస్టర్ వెళ్ళగానే ఆవిడ కూతురి పెళ్ళి. ఈస్టర్‌కి ముందు నలభై రోజుల ఉపవాసాల తపస్సు కాలంలో వాళ్ళు పెళ్ళిళ్ళు చెయ్యరు కాబట్టి ఆగారు. నేను "ఇక్కడికి దగ్గర్లోనే ఒక ఊళ్ళో ఏం జరిగిందో విన్నారా అమ్మా" అని మొదలుపెట్టాను.

నమ్మకం కలగాలంటే కథలో ఆనవాళ్ళు ఉండాలి. మా కోల్డ్ స్టోరేజీ ఉన్న ఊరి ఫాదర్ని వారం రోజులుగా గమనిస్తున్నాను, సినిమాకి పనికొస్తాడని. సన్నగా, ఎడమచేతి వాటంతో ఉంటారు. ఆయన కిందటి జూన్‌లోనే ఆ ఊరికి బదిలీ మీద వచ్చారు. ప్రసంగం అయిదు నిమిషాల్లో ముగించేస్తారు. పాట ఎత్తుకుంటే రెండో చరణం మరిచిపోయి నవ్వేస్తారు. ఇవన్నీ నా వేషగాడికి తగిలించాను. "నిజమైన ఫాదరైతే ప్రసంగం అంత పొట్టిగా చెబుతాడా అమ్మా?" అన్నాను. "బిషప్ గారికీ తెలుసట" అన్నాను.

చేతులు ఆగాయి. ఒక్కరివి కాదు, అందరివీ. పెళ్ళికూతురి తల్లి చేతిలో కాయ చేతిలోనే ఉంది, తొడిమ తొడిమలాగే ఉంది. ముగింపు చెప్పకుండా అక్కడే ఆపేసి, గాల్లో తేలుతూ మెట్లెక్కాను. మా గురువుగారు బతికుంటే బాగుండేదనిపించింది. ఆ సాయంత్రం రెండు ప్లేట్లు మిరపకాయ బజ్జీలు తిన్నాను.

నాలుగో రోజుకల్లా నా కథ కోల్డ్ స్టోరేజీ గోడలు దాటి చర్చి మెట్లెక్కింది. 'దగ్గర్లోనే ఒక ఊరు' అన్నది 'మన ఊరే' అయింది. తపస్సు కాలం కదా, సగం ఊరు అప్పటికే ఆయన దగ్గర పాపసంకీర్తనం చేసి, అంటే తప్పులన్నీ చెప్పుకుని ఉంది. మేడ మీద కిటికీలోంచి నా చెవిన పడింది, ఒకావిడ గొల్లుమంటోంది. "మా అత్త మీద ఉన్నవీ లేనివీ అన్నీ చెప్పుకున్నానే తల్లీ! ఎవడో నాటకాలోడికి చెప్పుకున్నానా!" ఇంకొకావిడకి వేరే దిగులు. ఆవిడ మనవడికి ఆయనే జ్ఞానస్నానం ఇచ్చారు. అది పట్టిందా లేదా?

దర్శకుడు ఈ మాటలు విని సంబరపడ్డాడు. "గురువుగారూ, చూశారా, ఇంటర్వెల్ బ్యాంగ్ బ్లాక్‌బస్టర్!" అన్నాడు. నేనూ సంబరపడ్డాను, అబద్ధమెందుకు. పెళ్ళికొడుకువాళ్ళు పెళ్ళి ఆపుతామంటున్నారని తెలిశాక గానీ నా నవ్వు దిగలేదు. మరుసటి రోజు పెళ్ళికూతురి తల్లి కొట్టానికి రాలేదు.

ఆ ఆదివారం పూజకి వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాను. ఫాదర్ గారికి సంగతి తెలిసిపోయిందని ఆయన ప్రసంగం మొదలుపెట్టగానే అర్థమైంది. అయిదు నిమిషాల మనిషి ఆపకుండా చెబుతూనే ఉన్నారు. మెడ మీద చెమట తుడుచుకుంటూ, చెప్పిందే చెబుతూ, నేను నిజం ఫాదర్నే అని రుజువు చేసుకోవడానికి చెబుతున్నారు. ఆయన పొట్టి ప్రసంగాలంటే నాకు నిజంగా ఇష్టం. వాటిని నేనే చంపేశానని తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను. దివ్యసత్ప్రసాదం, అంటే ఆయన చేత్తో అప్పం పంచే వేళకి వరసలో నిలబడ్డవాళ్ళు చాలా కొద్దిమంది. ఆయన చేతిలో పాత్ర పట్టుకుని కాసేపు అలాగే చూశారు, ఇంకా ఎవరైనా లేస్తారేమోనని.

పూజ చివర పెళ్ళి ప్రకటన చదివారు. ఫలానా పిల్లకీ ఫలానా అబ్బాయికీ పెళ్ళి, అభ్యంతరం ఉన్నవాళ్ళు తెలియజెయ్యాలి అని మామూలుగా చదివేదే. ఎన్నడూ ఎవరూ లేవరు. ఆరోజు పెళ్ళికొడుకు తండ్రి లేచాడు. ఆ ప్రకటన కోసమే అద్దంకి పక్కనించి వచ్చిన రైతు, మర్యాదస్తుడు, తలపాగా చేత్తో పట్టుకుని నేల చూస్తూ మాట్లాడాడు.

"పిల్ల మీద మాకేం అభ్యంతరం లేదండీ. బంగారం లాంటి పిల్ల. పెళ్ళి చేసే ఆయన మీదేనండీ."

ముందు వరసలో పెళ్ళికూతురి తల్లి చెంగు నోట్లో కుక్కుకుంది. నేను లేచి నిలబడ్డాను.

"అయ్యా, అది నేను కల్పించిన కథండీ. సినిమా కథ. నేను రైటర్ని. పైన మేడ మీద కూర్చుని అల్లాం."

అందరూ తిరిగి నన్ను చూశారు. పెళ్ళికొడుకు తండ్రి నన్ను ఎగాదిగా చూసి జాలిగా అన్నాడు. "పెద్దాయనా, ఫాదర్ గారిని కాపాడాలని మీరు పడే తాపత్రయం మాకు తెలుస్తానే ఉందిలే. కానీ సినిమా కథ ఇంత నమ్మకంగా ఎక్కడుంటదండీ? మేం చూడట్లేదా సినిమాలు?"

నా వృత్తిలో నాకు దక్కిన ఏకైక మెచ్చుకోలు అది. తీసుకోవడానికి వీల్లేని చోట దక్కింది. ఉపదేశి, అంటే ఫాదర్ గారికి సాయంగా ఉండే పెద్ద, "బిషప్ గారి ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కుందాం" అన్నాడు. వెంటనే నలుగురు అరిచారు, "ఆయనక్కూడా తెలుసంటగా!" అని. నేను పూడ్చిన కన్నం అంత గట్టిగా పూడింది. దాంట్లోంచి నేను కూడా బయటికి రాలేకపోయాను.

ఫాదర్ గారు కోపగించుకోలేదు. "సరే, కూర్చోండి" అని ఆశీర్వాదం ఇచ్చి పూజ ముగించారు. జనం వెళ్ళిపోయాక నన్ను బంగళాలోకి పిలిచి తనే టీ పెట్టి ఇచ్చారు. కాళ్ళ మీద పడదామనుకున్నాను. ఆయన కుర్చీ చూపించారు.

"కథ మొత్తం చెప్పండి సార్. సగమే విన్నాను, అదీ వంకరటింకరగా."

మొదటి సగం చెప్పాను. పొట్టి ప్రసంగం దగ్గర ఆయన తల దించుకుని, "చిన్నప్పుడు పెద్ద ప్రసంగాల్లో నిద్రపోయి దెబ్బలు తిన్నానండీ. అందుకే" అన్నారు. తర్వాత రెండో సగంలోకి వెళ్ళాను. "ఆ వేషగాడు ఎవరో కాదండీ. అసలు ఫాదర్ గారికి కవల సోదరుడు. చిన్నప్పుడు తిరనాళ్ళలో తప్పిపోయాడు."

నోటి దగ్గరికి వెళ్ళిన టీ గ్లాసు ఆయన చేతిలో ఆగిపోయింది. ఎంత కష్టంలో ఉన్నా రచయిత రచయితే. చెయ్యి ఆగింది, మలుపు పండింది అనుకుని లోపల్లోపల మురిసిపోయాను. అదే ఊపులో ఆఖరిది కూడా చెప్పేశాను. "బిషప్ గారు వాళ్ళిద్దరికీ మేనమామ."

ఆయన గ్లాసు కింద పెట్టారు.

"ఈ కవల సంగతి... ఇది ఎవరన్నా నమ్ముతారంటారా?"

"ఎందుకు నమ్మరండీ!" అన్నాను. నిజంగానే మనసు నొచ్చుకుంది.

"ఆ ఆడవాళ్ళకి ఈ ముగింపు చెప్పారా?"

"లేదండీ, దాచాను. క్లైమాక్స్ కదా."

"వెళ్ళి చెప్పండి. మీరు చెప్పినట్టే చెప్పండి, ఏమీ తగ్గించకండి. సగంలో వదిలేసిన కథ వాళ్ళ ఇళ్ళల్లో తిరుగుతోంది. దాన్ని ముగించాల్సింది మీరే." ఆయన నవ్వారు. "మేనమామ సంగతి కూడా మరిచిపోకండి."

మరునాడు కొట్టంలోకి వెళ్ళాను. పెళ్ళికూతురి తల్లిని ఇంటికెళ్ళి బతిమాలి తీసుకొచ్చాను. ఆవిడ నా మొహం చూడకుండా వచ్చి, కాయల ముందు కూర్చుంది కానీ ఒక్క కాయ ముట్టుకోలేదు. ఎవరి చేతులూ కదలడంలేదు. నా ఎదురుగా అన్ని చేతులు ఊరికే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే మొదటిసారి నాకు భయమేసింది.

"ఆ కథ మిగతాది చెబుతా అమ్మా" అన్నాను. "ఆ దొంగ ఫాదర్ ఎవరనుకున్నారు? అసలు ఫాదర్‌కి కవల తమ్ముడు!"

ఒక చివరన ఎవరో ఒక కాయ తొడిమ తీశారు. చిటుక్ మని వినిపించింది.

"తిరనాళ్ళలో తప్పిపోయాడు. చేతి మీద ఒకేలాంటి పుట్టుమచ్చ."

పుట్టుమచ్చ అప్పటికప్పుడు అతికించాను, అలవాటు కొద్దీ. ఇంకో నాలుగు చోట్ల చిటుక్, చిటుక్. వెనక వరస మొత్తం పనిలో పడిపోయింది.

"బిషప్ గారు వాళ్ళిద్దరికీ సొంత మేనమామ!"

ఎవరో కిసుక్కుమన్నారు. పెళ్ళికూతురి తల్లి తల ఎత్తి నావైపు చూసింది.

"ఏందండీ, డబుల్ యాక్షనా?"

"అవునమ్మా" అన్నాను.

"పుట్టుమచ్చా?"

"అవునమ్మా."

"ఓరి నీ అయ్య కడుపు మాడ! ఇది సినిమానా! దీనికా నేను వారంనించీ అన్నం మానేసింది?" అంటూ ఆవిడ ఒక దోసెడు తాలుకాయలు తీసి నా మీద విసిరింది. నవ్వుతూనే విసిరింది, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఘాటుకి కాదు. మిగతావాళ్ళు కూడా అందుకున్నారు. నేను తుమ్ముతూ, తుడుచుకుంటూ, జీవితంలో ఎప్పుడూ లేనంత హాయిగా అక్కడే కూర్చున్నాను. కవలలంట, మేనమామంట, ఇట్టాంటివి ఎక్కడన్నా ఉంటాయా అని ఆ సాయంత్రానికల్లా ఊరంతా ఒకటే నవ్వు. పెళ్ళికొడుకు తండ్రి ఫోన్ చేసి మరీ పుట్టుమచ్చ గురించి అడిగాడట. నేను నిజం చెబితే ఆగని పుకారు నా ముగింపు చెబితే చచ్చిపోయింది.

ఈస్టర్ తర్వాత పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది. ఫాదర్ గారు అయిదు నిమిషాల్లో ప్రసంగం ముగించారు. పాట రెండో చరణం మరిచిపోయారు. నాకు భోజనాల్లో ముందు వరసలో ఆకు వేశారు. వడ్డించిన ప్రతివాడూ "మీకు కవల ఉన్నాడా రైటరు గారూ, ఇంకో ఆకు వెయ్యమంటారా?" అని అడిగి వెళ్ళాడు.

ఇంత జరిగాక కవల మలుపు తీసెయ్యాలి కదా. దర్శకుడికి అదే చెప్పాను. "గురువుగారూ, ఆ ఆడవాళ్ళు వేరు, ఆడియన్స్ వేరు" అన్నాడు. పుట్టుమచ్చ కూడా ఉంచాడు. చీరాల థియేటర్లో సినిమా చూస్తుంటే సరిగ్గా అక్కడ వెనకనించి ఎవడో "ఒరేయ్, డబుల్ యాక్షన్‌రా!" అని అరిచాడు. నేను చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశాను. అదే నా పదవీ విరమణ సభ.

ఇక్కడితో పాఠం ముగించి పిల్లల్ని పంపించేసేవాణ్ణి. కానీ ఆ మరుసటి ఎండాకాలం చేపలకని వాడరేవు వెళ్ళాను. పడవలు వచ్చే వేళ. ఒడ్డున ఫాదర్ గారు కనిపించారు. గళ్ళ లుంగీ కట్టుకుని, భుజాన ఒక చంటిపిల్లని ఎక్కించుకుని, చేపలమ్మే ఆవిడతో ఊరు దద్దరిల్లేలా బేరమాడుతున్నారు. పక్కన ఒక అమ్మాయి ఆయన చెయ్యి లాగుతూ "అది వద్దయ్యా, ముల్లెక్కువ" అంటోంది. నేను అల్లిన అబద్ధం నిజమై ఎదురుగా లుంగీ కట్టుకుని నిలబడిందనుకున్నాను.

"ఫాదర్ గారూ..." అన్నాను.

ఆయన తిరిగి పెద్దగా నవ్వాడు. "నేను కాదండీ, ఫాదరు మా తమ్ముడు. మేం కవలలం. నాది పర్చూరు పక్క, పొగాకు వేస్తా."

నేనూ నవ్వాను. ఒక్క ముక్క నమ్మలేదు. నా మొహం చూసి ఆ అమ్మాయి, ఆయన భార్య, "ఎవరూ నమ్మరండీ, ఈ సినిమాల వల్ల" అని ఫోన్ తీసి ఫొటో చూపించింది. తమ్ముడు ఫాదర్ అయిన రోజు, గురుపట్టాభిషేకం నాటి ఫొటో. మెడలో దండతో ఫాదర్ గారు, పక్కన అదే ముక్కు, అదే నవ్వు, చారల చొక్కా.

టీ గ్లాసు గుర్తొచ్చింది. ఆరోజు ఫాదర్ గారి చెయ్యి నా మలుపుకి ఆగలేదు. నేనేదో కనిపెట్టేశానని ఆగింది. కనిపెట్టలేదని తెలిసి, నా మీద, జనం మీద నమ్మకంతో, కవలల మాట ఎవరూ నమ్మరన్న నమ్మకంతో నన్ను కొట్టానికి పంపారు.

ఆ రైతు పిల్లని భుజం మార్చుకుంటూ అన్నాడు. "మీది వాడుండే ఊరాండీ? అయితే ఒకటి అడుగుతా. వాడు ఫాదర్ అయినకాడ్నించి ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరు ఈస్టర్‌కి పోతాం మేం. పోయినేడు పొగాకు పని అయిపోయాక బయల్దేరదామని అన్నీ సర్దుకున్నాం. వాడే ఫోన్ చేసి రావద్దన్నాడు. ఎందుకురా అంటే ఏదో పనిలే అన్నయ్యా అన్నాడు. మా అమ్మ పిండివంటలన్నీ చేసి, వాడు వద్దన్నాడంటే ఏడ్చింది. నేనేమన్నా తప్పు చేశానేమోనని ఇప్పటికీ మనసులో పీకుతా ఉందండీ. మీకేమన్నా తెలుసా?"

చెప్పకుండా ఉండలేకపోయాను. ఆ ఇసుకలోనే నిలబడి మొత్తం చెప్పాను. కోల్డ్ స్టోరేజీ, తొడిమలు, పొట్టి ప్రసంగం, గుళ్ళో లేచిన పెద్దమనిషి, తాలుకాయలు, అన్నీ. ఏదీ అతికించలేదు. తప్పు మీది కాదు, నాది అన్నాను. అప్పుడు మీరు ఆ ఊళ్ళో అడుగుపెట్టి ఉంటే ఇక ఆ పుకారుని ఎవరూ ఆపలేకపోయేవారు, అందుకే రావద్దన్నారు అన్నాను. చెబుతూ చెబుతూ ఆయన చేతులు చూస్తున్నాను. ఒక చెయ్యి పిల్ల వీపు నిమురుతూనే ఉంది, ఇంకో చెయ్యి బుట్టలో చేపల మొప్పలు ఎత్తి చూస్తూనే ఉంది. ఒక్కసారి కూడా ఆగలేదు.

అంతా విని ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఊరుకోండి పెద్దాయనా! ఇట్టా ఎక్కడన్నా జరుగుద్దా?"